లేదనకూడని ఇల్లు

అక్క సుహాసినికి తొమ్మిదో నెల రాగానే వాళ్ల ఇంట్లో 'లేదు' అనే మాట ఆపేశారు. ఆ నియమం పెట్టింది అక్క అత్తగారు రాజక్క. కడుపుతో ఉన్న మనిషి ముందు ఆ మాట అంటే లోపలి బిడ్డ విని నిజమనుకుంటుందట.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్ దాటి ఇంకా లోపలికి ఉంటుంది. అక్కకు బీపీ ఉందని, బిడ్డకు వారం వారం పరీక్షలు చేయించాలని డాక్టరమ్మ చెప్పింది. అందుకని అక్కను కాశిబుగ్గలో అత్తగారింట్లోనే ఉంచి, పుట్టింటి తరఫున నన్ను పంపారు. పదో తరగతి పరీక్షలు అయిపోయి నేను ఖాళీగానే ఉన్నాను. మామూలుగానే ఎక్కువ మాట్లాడను కాబట్టి ఆ నియమం నాకు ఇబ్బంది కాలేదు.

మిగతావాళ్లకే కష్టమైంది. ఉప్పు అయిపోతే "ఉప్పు తేవాలె" అనాలి. నేయమన్న జంపఖానా ఎంతవరకు వచ్చిందని షావుకారు ఫోన్ చేస్తే, ఇంకా మగ్గం మీదికే ఎక్కించని జీవన్ బావ "అయితాంది" అన్నాడు. పక్కింటి చిలుకమ్మ చాయ్ పెట్టుకోవడానికి చాపత్త అడిగితే రాజక్క "రేపు ఉంటది" అంది. చిలుకమ్మ మర్నాడు గిన్నె పట్టుకుని వచ్చింది. మళ్లీ రేపు ఉంటుందని చెప్పి పంపారు.

అక్కను మాత్రం అందరూ ఒకటే అడిగేవాళ్లు, బిడ్డ కదులుతోందా అని. "తిన్నవా" అని అడిగినట్టే అడిగేవాళ్లు. తిన్నా తినకున్నా తిన్నాననే చెప్తాం కదా, అక్క కూడా కదులుతోందనే చెప్పేది.

రోజూ పొద్దున అక్క పాలు తాగి ఎడమవైపు పడుకుంటే, నేను కడుపు మీద చెయ్యి పెట్టేదాన్ని. లోపలినుంచి తన్ను తగిలేది. ఆ రోజు తగల్లేదు. చెయ్యి మార్చి పెట్టినా తగల్లేదు. నేను అక్క మొహం చూశాను. అక్క పైకప్పు రేకులు చూస్తోంది. వంటింట్లోంచి రాజక్క అడిగింది, కదులుతోందా అని.

"కదులుతాంది," అంది అక్క.

ఆ రోజే పరీక్ష. ఆటోలో దవాఖానకు పోయాం. అక్కడ సిస్టర్ అక్క కడుపుకు రెండు బెల్టులు కట్టింది. ఒకటి బిడ్డ గుండె చప్పుడు కోసమట. చేతికి ఒక బటన్ ఇచ్చి, బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమంది. రాజక్క ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని మాటిమాటికీ బటన్ వైపు చూసింది. ఆమె చూసినప్పుడల్లా అక్క నొక్కింది. రాజక్క సంతోషించింది.

మిషన్‌లోంచి గీతల కాగితం వస్తూ ఉంది. సిస్టర్ దాన్ని చూసి, అక్కకు తియ్యటి నీళ్లు తాగించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఇంకాసేపు చూసింది.

"కదిలితే గుండె జర జోరుగ కొట్టుకోవాలె. ఇది ఒక్క తీరుగనే ఉన్నది. నిజంగ గిన్నిసార్లు కదిలిందా?"

"మస్తు కదులుతాంది," అంది రాజక్క.

"నిన్ను అడుగుతలేనవ్వా. ఆమెను అడుగుతాన."

'అడుగుతలేను' అన్నందుకు రాజక్క మొహం చిట్లించింది. కానీ సిస్టర్ ఆ ఇంటి మనిషి కాదు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. కదులుతోందనే చెప్పింది.

"లేదు," అన్నాను. సరిగా వినపడలేదు. ఏమిటని సిస్టర్ అడిగింది. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "లేదు. పొద్దుగాల్నుంచి కదుల్తలేదు. అక్క ఉత్తగనే ఒత్తుతాంది."

నేను ఒక్కసారిగా అంత మాట్లాడటం అక్కకు కూడా కొత్తే.

"పోయి నోరు కడుక్కో పిల్లా," అంది రాజక్క.

వెళ్లేదాన్నే, కానీ అక్క చెయ్యి వదల్లేదు. "అవునత్తమ్మా, కదుల్తలేదు," అని ఏడ్చింది.

తర్వాత పనులు తొందరగా జరిగాయి. స్కానింగ్‌లో ఉమ్మనీరు బాగా తగ్గిందని తేలింది. వెంటనే ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ చెప్పింది. ముహూర్తం చూపించుకుని వస్తామంది రాజక్క. బిడ్డకు ఇదే ముహూర్తమని చెప్పి డాక్టరమ్మ లోపలికి పోయింది. బావ జుట్టు నిండా నూలు పీచుతో వచ్చి, ఏమైందని అడిగాడు. "ఆపరేషన్ అయితాంది," అంది రాజక్క.

బయట బెంచీ మీద కూర్చున్నాం. రాజక్క నాకు దూరంగా జరిగింది. కాసేపటికి నీళ్ల సీసా నా వైపు నెట్టి, నోరు కడుక్కోమని మళ్లీ చెప్పింది. వెళ్లి కడుక్కుని వచ్చాను. అప్పుడు కొంచెం దగ్గరికి జరిగింది.

తలుపు తీసి సిస్టర్ బిడ్డను తెచ్చింది. ఆడపిల్ల. బరువు తక్కువే, కానీ గట్టిగా ఏడుస్తోంది. తల్లికి, బిడ్డకు ఏమన్నా భయముందా అని రాజక్క అడిగింది.

"ఫికర్ ఏం లేదవ్వా."

"ఏమంటివి?"

"ఫికర్ లేదు."

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా."

సిస్టర్ మళ్లీ చెప్పింది. రాజక్క కొంగుతో మొహం తుడుచుకుంది. అంతలో చిలుకమ్మ ఫోన్ చేసి, పరీక్ష ఏమైందని అడిగింది.

"మనుమరాలు పుట్టింది. ఏం ఫికర్ లేదు," అంది రాజక్క. కాస్త ఆగి, "చాపత్త గూడ లేదు. దుకాణంల తెచ్చుకో," అని ఫోన్ పెట్టేసింది.