గుర్రాల తొట్టిలో చార్మినార్

గుర్వయ్యకు చార్మినార్ చూడాలని చిన్ననాటి కోరిక. గొంగళ్ళు అమ్ముకొని పట్నం నుంచి తిరిగి వచ్చిన పెద్దవాళ్ళు, ఆ నాలుగు మినార్లు మబ్బుల్లోకి ఎట్లా పొడుచుకొని పోతాయో, నాలుగు దిక్కులకూ గడియారాలు ఎట్లా ఉంటాయో చెబుతుంటే నోరు తెరుచుకొని విన్నవాడు. మంద వెంట కృష్ణ ఒడ్డు దాకా పోయాడు, మక్తల్ సంత చూశాడు. పట్నం మాత్రం ఈ ఏడు కాదు వచ్చే ఏడు అనుకుంటూనే కాలం గడిచింది. తీరా పోయే రోజు వచ్చేసరికి మెడ కొయ్యబారింది.

యాభై ఏళ్ళు కూడా నిండలేదు. నడుము కొడవలిలాగా ముందుకు వంగింది. మెడ పైకి లేవదు, పక్కకు తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా అటు తిరగాలి. నిలబడితే ఎదుటివాళ్ళ మోకాళ్ళు కనిపిస్తాయి, అంతకు మించి కనిపించదు. నల్లగొండలో చూసినవాళ్ళు పట్నం పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. ఆ మాట వినగానే భార్య బక్కమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ గుర్వయ్య లోలోపల సంబరపడ్డాడు. బస్సు కిరాయి ఎట్లాగూ తప్పదు. దవాఖాన పని పొద్దున్నే తెమిలితే సాయంత్రం బస్సు దాకా పట్నమంతా తిరగవచ్చు. పొట్టేలును అమ్మి, రొట్టెల మూట కట్టించుకొని, కూతురు సుక్కమ్మను వెంటబెట్టుకొని బయలుదేరాడు.

సుక్కమ్మను ఇచ్చింది ఊళ్ళోనే, పక్క వాడలో. ఆమె మగడు మంద వెంట పోయి ఉన్నాడు. రెండేళ్ళ పిల్ల బిక్షమ్మను తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్లకు నెల కిందటే పాలు మాన్పించింది.

పెద్ద దవాఖానలో డాక్టరు పడుచువాడు. గుర్వయ్య వీపు తట్టి చూశాడు, మోకాళ్ళు వంచి చూశాడు, నోరు తెరవమని పళ్ళు చూశాడు. తర్వాత సుక్కమ్మను కూడా నోరు తెరవమన్నాడు. ఆమె సిగ్గుపడుతూ అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. పళ్ళ మీద ఇటుకరంగు చారలు. ఊళ్ళో అందరి పళ్ళూ అంతే కాబట్టి అది రోగమని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"ఏ నీళ్ళు తాగుతరు మీరు?" అని అడిగాడు డాక్టరు.

గుర్వయ్య ముఖం వెలిగింది. "మా బాయి నీళ్ళే సారు. నేను, మా అన్న తవ్వినం, బండ పగలగొట్టి. ఎంత కరువొచ్చినా ఊట ఆగలే. ఊరంత గవే తాగుతది. కొబ్బరి నీళ్ళ తీర్గుంటయి."

"పెద్దయ్యా, ఆ నీళ్ళతోనే వచ్చింది ఇది," అన్నాడు డాక్టరు. "మీ దిక్కు రాళ్ళల్ల ఒక ఉప్పు ఉంటది. నీళ్ళల్ల కలుస్తది, రుచికి తెలవదు. ఏండ్ల కొద్ది తాగితే ఎముకలు బిగుసుకుంటయి. నీ నడుముకు మందు లేదు. నొప్పికి గోలీలు ఇస్త. ఇంట్ల చిన్నపిల్లలుంటే మాత్రం ఆ నీళ్ళు పొయ్యకుండ్రి. కుంట నీళ్ళో, వాన నీళ్ళో పొయ్యిండ్రి."

"కుంట దీపావళి కాంగనే ఎండుతది సారు," అన్నది సుక్కమ్మ.

డాక్టరు గోలీల చీటీ రాసి ఆమె చేతిలో పెట్టాడు. వెనక మనుషులు బారుగా నిలబడి ఉన్నారు.

బయటికి రాగానే గుర్వయ్య గోలీల పొట్లం రొంటిన దోపుకున్నాడు. "సిన్న పోరడు. సదువుకున్నడు గని బాయి తవ్విండా ఏమన్న? నీళ్ళు తాగితే నడుములు వంగుతయట. పా బిడ్డ, పట్నం జూద్దాం."

సుక్కమ్మ తండ్రి వెనకే నడిచింది. తాను బయలుదేరే ముందు బిక్షమ్మ నిద్రలో నీళ్ళు అడిగితే చెంబుతో పట్టించి వచ్చిన సంగతే ఆమెకు గుర్తుకు వస్తోంది.

మూసీ వంతెన మీద నిలబడి ఎదురుగా వచ్చే జనాన్ని చూసింది. గుర్వయ్య కర్ర ఊనుకుంటూ తల వంచుకొని నడుస్తున్నాడు.

"ఏమేం గనపడుతున్నయి చెప్పరాదు బిడ్డ," అన్నాడు.

"బస్సు మీద ఇంకో బస్సు ఎక్కి పోతాంది నాయిన. పైనగూడ మనుషులు గూసున్నరు."

"పడరా?"

"ఏమో. నగుకుంట పోతున్నరు."

"నాకైతే పట్నమంత కాళ్ళే," అని నవ్వాడు గుర్వయ్య. "చెప్పులేసిన కాళ్ళు, బూట్ల కాళ్ళు, మైదాకుతో ఎర్రగ పండిన కాళ్ళు. గిన్ని రకాల చెప్పులుంటయని ఎవడు జెప్పిండు నాకు?"

వంతెన దిగి, ఒక గోడ నీడన కూర్చొని మూట విప్పారు. జొన్నరొట్టెలోకి ఎల్లిగడ్డ కారం ఉంది. పక్కన బండి మీద మిరపకాయ బజ్జీలు వేగుతున్న వాసనకు ఆగలేక గుర్వయ్య అణాకు వచ్చినన్ని తెమ్మన్నాడు. రొట్టె ఇంటిది, బజ్జీ పట్నానిది, విందు కుదిరిందని మురిసిపోయాడు. తర్వాత ఇరానీ హోటలులో చాయ తాగుదామన్నాడు. మెడ వెనక్కి వంగదు కాబట్టి ఆయన ఇంట్లో గ్లాసు పూర్తిగా తాగలేడు, అడుగున ఎప్పుడూ కొంత మిగిలిపోతుంది. ఇక్కడ కప్పు కింద సాసరు వచ్చింది. చాయ అందులో వంపుకొని, బల్ల మీదికి వంగి, ఆఖరు చుక్క దాకా జుర్రుకున్నాడు.

"నా లెక్కటోడు ఎవడో కనిపెట్టిండు బిడ్డ దీన్ని."

పిల్లవాడు తెచ్చిపెట్టిన మంచినీళ్ళు కూడా సాసరులోనే పోసుకొని రుచి చూశాడు. "చప్పగున్నయి. మన బాయి నీళ్ళ ముందట గివెంత."

సుక్కమ్మ తన గ్లాసు ఖాళీ చేసి, తండ్రి వదిలేసినవి కూడా తాగింది.

పత్తర్‌గట్టి కమానుల కింద దుకాణాలు మొదలయ్యాయి. గుర్వయ్య ఊళ్ళోనే అనుకొని వచ్చిన సంగతి ఒకటుంది. మనుమరాలికి కాళ్ళ గజ్జెలు కొనాలి. వెండివి కొనే తాహతు లేదు, తెల్లగా మెరిసేవి ఏవైనా సరే. అరుగు మీద పరిచిన వాటిలోంచి ఒక జత చేతిలోకి తీసుకొని ఆడించాడు. సన్నగా, తేనెటీగలు కదిలినట్టు మోగాయి. ధర అడిగి, సగానికి అడిగాడు.

"ఏం పెద్దమనిషి, కిందికే జూసుకుంట బేరం జేస్తవ్, నా మొఖం జూడవా?" అన్నాడు దుకాణదారు.

"నీ మొఖం జూస్తే ధర తగ్గుతదా సేటు?"

దుకాణదారు పకపకా నవ్వి కొంత తగ్గించాడు. ఒక్క జత కొనుక్కొని, బస్సుకు ఇచ్చుకొని, ఇంకేమైనా మిగిలితే అదృష్టం. చార్మినార్ చూసి వచ్చి తీసుకుంటాను, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి గుర్వయ్య కర్ర అందుకున్నాడు.

చార్మినార్ ముందుకు రాగానే సుక్కమ్మ నిలబడిపోయింది. చాలాసేపు పైకి చూసింది. తండ్రి పక్కనే ఉన్నాడని గుర్తుకు వచ్చి గబుక్కున తల దించుకుంది.

"వచ్చినమా?" అన్నాడాయన.

"వచ్చినం నాయిన."

"గడియారంల ఎంతయింది?"

"నాకు గడియారం రాదు. పెద్ద ముల్లు కిందికున్నది."

గుర్వయ్య కర్ర ఆమె చేతికిచ్చి, రెండు చేతులూ నడుముకు ఆనించి వెనక్కి వాలబోయాడు. ముఖం బిగుసుకుంది. ఒక గోడకు వీపు ఆనించి చూశాడు. సుక్కమ్మ భుజం పట్టుకొని చూశాడు. ఎంత చేసినా రాతి అరుగూ, దాని మీద పావురాలూ తప్ప ఏమీ కనబడలేదు. పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఒకడు నవ్వాడు కూడా.

"పోనీలే," అన్నాడు గుర్వయ్య. "నువ్వు జూసినవు గదా. ఇంటికి పోయినంక మీ అవ్వకు జెప్పు."

టాంగాలు ఆగేచోట గుర్రాలకు నీళ్ళ తొట్టి ఉంది. కాళ్ళు లాగి, దాని అంచు మీద చేతులు ఆనించుకొని నిలబడ్డాడు. కొంతసేపటికి, "బిడ్డా, ఇటు రా," అని మెల్లగా పిలిచాడు. "దొరికింది."

సుక్కమ్మ వంగి చూసింది. నీళ్ళలో ఆకాశం, ఆకాశంలో తలకిందులుగా ఒక మినార్. దాని కొస మీద పావురం వాలి ఉంది. గుర్వయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఇంతలో టాంగా గుర్రం ఒకటి వచ్చి మూతి పెట్టింది. మినార్ ముక్కలైపోయింది. ఆయన కదలలేదు. గుర్రం ముందుకాళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గీ గుర్రానికి ఎన్నేండ్లు?" అని అడిగాడు.

"ముసల్ది. ఇర్వై దాకా ఉంటయ్," అన్నాడు టాంగా మనిషి.

"నీకు?"

"నాకు డెబ్బై దాటినయ్. ఏం, గుర్రాన్ని కొంటవా, నన్నా?"

గుర్వయ్య నవ్వలేదు. ఆ మనిషి మోకాళ్ళ దిక్కే చూస్తున్నాడు. "ఎక్కడి నీళ్ళు గివి?"

"గండిపేట చెరువువి. నల్లాల వస్తయ్. చిన్నప్పటి సంది గివే తాగుతున్న."

టాంగా వెళ్ళిపోయింది. నీళ్ళు తేరుకొని మినార్ మళ్ళీ వచ్చి నిలిచింది. గుర్వయ్య ఈసారి దాన్ని చూడలేదు.

"పొద్దుగాల సంది కాళ్ళే జూస్తున్న బిడ్డ," అన్నాడు. "ముసలోళ్ళయి, బస్తాలు మోసేటోళ్ళయి, అడుక్కతినేటోళ్ళయి. అన్ని నిలువుగున్నయి. మన గొర్లు ఐదో ఏటికే కుంటుతయి. ముసలితనం అనుకున్న. మా అన్న నడుము వంగితే మొయ్యరాని బరువు మోసిండనుకున్న." కొంచెం ఆగాడు. "గా పోరడు జెప్పింది నిజమే."

"నీకేం తెలుసు నాయిన, నువ్వు మంచికే తవ్వితివి," అన్నది సుక్కమ్మ. ఆయన వినిపించుకున్నట్టు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు దుకాణదారు గజ్జెలు తీసి పెట్టే ఉంచాడు. గుర్వయ్య వాటిని అరచేతిలో పెట్టుకొని మళ్ళీ ఒకసారి ఆడించాడు. నెమ్మదిగా అరుగు మీద పెట్టేశాడు.

"తక్కువ జేస్త తియ్యి," అన్నాడు దుకాణదారు.

"ధర కాదు సేటు. పెద్ద డబ్బా ఏడ దొరుకుతది, మూత ఉన్నది?"

సందులో పాత నూనె డబ్బాలు అమ్మేవాడు ఉన్నాడు. గజ్జెలకు పెట్టుకున్న పైసలు అక్కడ అయిపోయాయి. నల్లా దగ్గర సుక్కమ్మ మట్టి వేసి తోమి, నూనె వాసన పోయేదాకా కడిగి కడిగి, నిండా పట్టింది.

గౌలిగూడలో బస్సెక్కుతుంటే కండక్టరు డబ్బా మీద తట్టాడు. "నెయ్యా, నూనెనా?"

"నీళ్ళు."

"పట్నమొచ్చి నీళ్ళు తీస్కపోతున్నవా? మీ ఊర్ల బాయి లేదా?"

"ఉన్నది," అన్నాడు గుర్వయ్య. దారి పొడుగునా డబ్బాను రెండు కాళ్ళ మధ్య పెట్టుకొని, గుంతలు వచ్చినప్పుడల్లా మూత మీద చేయి అదిమి కూర్చున్నాడు.

ఇంట్లో బక్కమ్మ ఆ డబ్బాను చూసి, గజ్జెలేవీ అని అడిగింది. గుర్వయ్య పోయి గొంగడి పరుచుకున్నాడు. సుక్కమ్మ తల్లిని పక్కకు పిలిచి చెప్పింది. బక్కమ్మ నమ్మలేదు. నమ్మినా చేసేదేముంది, కుంట ఎండిపోయింది, పిల్ల దాహానికి బావి తప్ప దిక్కు లేదు కదా అన్నది. సుక్కమ్మ డబ్బాను చాటున పెట్టి, చిన్న గిన్నెతో పిల్లకు మాత్రమే పోసింది. వంటకు తీయనివ్వలేదు. బిక్షమ్మకు ఆ గిన్నె మోజు పట్టి, దాహం లేకపోయినా అడిగి తాగేది, కొన్ని ఒలకబోసేది. ఒలికిన ప్రతిసారీ సుక్కమ్మకు ప్రాణం చివుక్కుమనేది.

ఎంత పొదుపు చేసినా వారం తిరగకముందే డబ్బా అడుగు కనిపించింది. వంచి, ఆఖరు గుక్క పట్టించింది. మధ్యాహ్నానికి పిల్ల మళ్ళీ గిన్నె పట్టుకొని వచ్చింది.

సుక్కమ్మ చేద తీసుకొని బావి దగ్గరికి పోయింది. గుర్వయ్య గట్టు రాయి మీద కూర్చొని ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన కూర్చునే చోటు అది. నీళ్ళకు వచ్చేవాళ్ళందరూ ఆయన్ను పలకరించి పోయేవాళ్ళు. కూతురి చేతిలోని చేదనూ, ఆమె కొంగు పట్టుకొని వచ్చిన మనుమరాలి పాదాలనూ, గిన్నెనూ చూశాడు. సుక్కమ్మ తాడు వదిలింది. చేద నీళ్ళను తాకిన చప్పుడు వినిపించింది.

మెడ తిరగదు కాబట్టి గుర్వయ్య కర్ర ఊనుకొని లేచాడు. మనిషి మనిషంతా నెమ్మదిగా తిరిగి, బావికి వీపు పెట్టి నిలబడ్డాడు.