మేస్త్రి మోకాలు

ఇస్త్రీ బల్లకి తీగలు బిగించి, దాన్ని కాళ్ళతో తొక్కి ఏడిపిస్తున్నారట. పక్క వాటా ఆవిడ బట్టలారేస్తూ మేడ మీది ఆవిడకి చెప్పింది. మేడ మీది ఆవిడ మొగుడికి చెప్పింది. ఆ మొగుడుగారు కారు సీట్లకి కవర్లు వేయించుకోవడానికి కొట్టుకి వచ్చి, కొలతలు తీస్తున్న మనిషి చెవిలోనే ఆ కబురు ఊదాడు.

"మీ ఇంటి గొడవ మాకెందుకు గానీ మేస్త్రీ, మీ బావమరిది ఏదో వాటా అడుగుతున్నాడటగా? 'అది నాది, నాది నాకిచ్చెయ్' అని అరుస్తున్నాడట. మీరేమో 'నీది నీకు రాదురా, అది పోయింది' అంటున్నారట. మధ్య మధ్యలో ఎవరో పిల్లిని తోక పట్టి గిరగిరా తిప్పుతున్నట్టు చప్పుడట. మీ పక్కావిడ స్వయంగా విందట."

సీట్ల మేస్త్రి నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని తీసి మరీ జవాబు చెప్పేంత ఓపిక ఆయనకి లేదు. "ఊఁ" అన్నాడు. వెనక సీటు వెడల్పు సుద్దతో రాసుకున్నాడు.

చప్పుడు నిజమే. అరుపులు నిజమే. వాటా మాత్రం లేదు. ఉన్నదల్లా ఒక పాట. దానికి మాటలు కూడా లేవు.

ఇస్త్రీ బల్ల అన్నది కూడా మరీ అబద్ధం కాదు. దాని అసలు పేరు పెడల్ స్టీల్ గిటారు. గిటారంటే మెళ్ళో వేసుకునేదనుకుంటాం కదా, ఇది నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడుతుంది. వాయించేవాడు దాని ముందు కూర్చుని ఎడమచేత్తో తీగల మీద నున్నటి ఉక్కు కడ్డీ జరుపుతాడు. కుడిచేతి వేళ్ళకి లోహపు గోళ్ళు తొడుక్కుని మీటుతాడు. ఎడమకాలి కింద వరసగా పెడళ్ళు, మోకాళ్ళకి అటూ ఇటూ మీటలు. పెడల్ తొక్కితే ఒక తీగ బిగుస్తుంది, మీట తోస్తే ఇంకోటి సడలుతుంది. కుడికాలి కిందున్న పెడల్ శబ్దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ. ఒళ్ళంతా పనిలో పడితే మిగిలేది నోరొక్కటే. ఈ మధ్య మేస్త్రి విషయంలో అదీ ఖాళీగా లేదు.

హోటల్లో వాయించి వాయించి నడుం పడిపోయిన ఒక పెద్దాయన దగ్గర దాన్ని కొన్నాడు మేస్త్రి. నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. అన్నీ నెమ్మదైన పాటలు. కడ్డీ ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి తీరిగ్గా జారుతుంటే, కడుపునిండా తిని చల్లటి గచ్చు మీద నడుం వాల్చినట్టుండేది. ఆ మాత్రం సుఖం చాలనుకుని బతుకుతున్నవాడి నెత్తిన పిడుగు పడ్డాడు.

పిడుగు అంటే పెళ్ళాం తమ్ముడే. రాక్ గిటారు వాయించే తీరు చూసి వాళ్ళ బృందంవాళ్ళు పెట్టిన పేరది. వాడు స్వయంగా కట్టిన పాట 'రేకుల షెడ్డు'. ఎండాకాలం వాన రేకుల కప్పు మీద ఒక్కసారిగా విరుచుకుపడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వాడి ఎడమచేతి వేళ్ళు తీగల మీద పడి లేస్తుంటే ఎక్కడ పడ్డాయో, ఎప్పుడు లేచాయో కంటికి అందేది కాదు. అలాంటివాడు స్కూటరు జారి పగిలిన గాజు మీద ఎడమచెయ్యి ఆనించాడు. రెండు వేళ్ళ నరాలు తెగాయి. డాక్టర్లు కుట్టారు, వేళ్ళు నిలిచాయి, వంగడం మాత్రం మానేశాయి. కనీసం బావ కడ్డీ పట్టుకుని చూద్దామనుకుంటే అది జారి కాలి బొటనవేలి మీద పడింది.

బృందానికి పెద్ద డ్రమ్ములాయన. ఆయన సాగదీసే మనిషి కాదు. "కచేరీ దగ్గరపడింది పిడుగూ. నీ పాట వాయించే మనిషిని తెచ్చి చూపించు, నీ పేరు మీదే వేస్తాం. లేకపోతే కొత్త గిటారిస్టు వస్తున్నాడు. వాడి పాటలు వాడికున్నాయి" అన్నాడు.

వచ్చే గిటారిస్టు చేతికి తన పాట ఇవ్వడం పిడుక్కి ఇష్టం లేదు. ఇస్తే ఇక అది వాడిదే అయిపోతుందని భయం. బావైతే ఇంట్లోవాడు. చెప్పినట్టు వింటాడు.

ఇక్కడే పప్పులో కాలేశాడు.

"బావా, జారకూడదది. టక్, టక్, టక్. మెట్లెక్కినట్టు రావాలి."

"నాది మెట్లు లేని ఇల్లురా. జారుబండ ఒక్కటే ఉంది."

"అయితే మెట్లు కట్టు."

"నీ అమ్మకడుపు చల్లగుండ, ఇది ఉక్కు కడ్డీరా! నీ వేళ్ళలాగా దీన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల పెట్టమంటావా?"

గిటారులోనైతే ఒకసారి మీటి, ఎడమచేతి వేళ్ళతోనే తీగని కొట్టి వదిలి, గుక్కతిప్పుకోకుండా స్వరాలు రాల్చవచ్చు. కడ్డీకి ఆ విద్య లేదు. ఒక స్వరం దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి పోయేలోపు దారిలో ఉన్నవాటినన్నిటినీ పలకరించుకుంటూ పోతుంది. ప్రతి స్వరాన్నీ విడిగా మీటి, అరచేతి అంచుతో దాని నోరు మూసి, తర్వాతిది అందుకుందామంటే 'రేకుల షెడ్డు' కాస్తా ఇంటి చూరు కింద చుక్కలు పడుతున్నట్టు వినిపించేది. శబ్దం గరుగ్గా మారడానికి డిస్టార్షన్ పెట్టె తగిలించారు. మూడు తీగలు కలిపి మీటగానే కాంక్రీటు మిక్సరులో గిన్నెలు పడేసినట్టయింది. పక్కావిడ కిటికీ మూసిన చప్పుడు వీళ్ళకి కూడా వినిపించింది.

చివరికి దారి చూపించింది విసుగే. ఎంతకీ కుదరని ఒక వరస దగ్గర మేస్త్రికి ఒళ్ళు మండిపోయి ఎడమకాలితో పెడల్‌ని ఎగిరి తన్నాడు. మోగుతూ ఉన్న తీగ ఎక్కడా జారకుండా టక్కున ఒక మెట్టెక్కి కూర్చుంది.

పిడుగు కుర్చీలోంచి లేచాడు. "మళ్ళీ తన్ను."

"ఎవర్ని?"

"దాన్ని బావా, దాన్ని!"

అప్పట్నుంచి వేళ్ళ పని కాళ్ళ మీద పడింది. వేలితో కొట్టాల్సిన చోట పెడల్ తన్నడం, వేలు వదలాల్సిన చోట మీట తొయ్యడం. ఏ స్వరానికి ఏ కాలు, ఏ పరుగుకి ఏ మోకాలు అని ఇద్దరూ పాటనంతా విప్పి మళ్ళీ కుట్టారు. రాత్రికి పిక్కలు పట్టేసి మేస్త్రి మంచం దిగలేకపోయేవాడు. "పాట కట్టినవాడు కూర్చుని చెప్తాడు, పెళ్ళి చేసుకున్న పాపానికి నేను తన్నుకుంటాను" అని గొణిగేవాడు. అవతల పక్కకి తిరిగి పడుకున్న భార్య "మా తమ్ముడు మిమ్మల్ని తన్నమన్నాడా, తన్నించుకోమన్నాడా? గొణక్కుండా పడుకోండి" అనేది.

పరుగులు కుదిరాయి. వాన పడింది. కానీ ప్రతి వరస ఆఖరునా ఒక జబ్బు మిగిలిపోయింది. నిటారుగా నిలబడి కత్తిరించినట్టు ఆగాల్సిన చివరి స్వరం అర మెట్టు కిందికి జారి, మెల్లగా నీరసించి, మూలుగుతూ కూలబడిపోయేది. మోకాళ్ళ నొప్పుల మనిషి కుర్చీలో కూర్చున్నట్టు.

"కావాలనే చేస్తున్నావు బావా! ఏడుపు లేకపోతే నీకు తోచదు. నేను కట్టింది కోపం."

"కోపం నాకూ వస్తోందిరా. ఈ బల్లలోకి రావట్లేదు, ఏం చెయ్యను!"

"ఆ చివరి స్వరం నాది. నాది నాకిచ్చెయ్."

"నీది నీకు రాదురా. అది పోయింది. నేను పట్టుకునేలోపే పోతోంది!"

పక్కావిడ విన్నది ఈ ముక్కే.

ఆ కబురు చుట్టు తిరిగి కొట్టుదాకా వచ్చిందని తెలిసి మేస్త్రి భార్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. "వీధిలో తలెత్తుకోనివ్వరా? ఆ బల్లని కొట్టుకి మోసుకుపొండి. అక్కడ కార్లవాళ్ళు వింటారు, వాళ్ళకెలాగూ హారన్లు అలవాటే" అంది. అలా పెడల్ స్టీల్ గిటారు సీట్ల కొట్టుకి చేరింది. రెక్సిన్ చుట్టల మధ్య, కుట్టు మిషను పక్కనే, ఆవిడ కోతబల్లకి సగం అడ్డంగా.

కొట్టులో రెక్సిన్ కోసేది ఆవిడ, కుట్టేది ఆయన. ఒకరోజు ఆవిడ కత్తెర పట్టుకుని చూస్తూ ఉండగా మేస్త్రి ఒక సీటు కుట్టు ముగించి, అదే స్టూలు మీద పక్కకి తిరిగి, గిటారు ముందు కూర్చుని, వరస వాయించి ముగించాడు. స్వరం మూలిగి కూలబడింది. పిడుగు తల పట్టుకున్నాడు.

"ఏమండీ, మీ కుడి మోకాలు చూసుకున్నారా?" అందావిడ.

"ఏం, దానిక్కూడా వాటా కావాలటా?"

"వెటకారం తర్వాత. మళ్ళీ మిషను మీద ఒక కుట్టు వెయ్యండి."

వేశాడు. కుట్టు చివరికి రాగానే మడమ వెనక్కి నొక్కి మిషను ఆపాడు. కుడి మోకాలితో పక్కనున్న మీటని కుడివైపుకి తోశాడు. గుడ్డని అదిమిపట్టే ఇనప పాదం పైకి లేచింది. పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్న పని, తెలియకుండానే జరిగిపోతుంది.

"ఇప్పుడు ఆ బల్ల మీద."

వరస చివరికి రాగానే మడమ వెనక్కి నొక్కింది. శబ్దం తగ్గిపోయింది. మోకాలు కుడివైపుకి తోసింది. అక్కడున్న మీట తీగని సడలించింది. పాట అయిపోయింది కదా, ఇనప పాదం లేపేద్దామనుకుంది పాపం కాలు.

ముగ్గురూ కాసేపు ఆ మోకాలి వంకే చూశారు.

"బావా," అన్నాడు పిడుగు నీరసంగా, "నా పాటని నువ్వు ఇన్నాళ్ళూ సీటు కవరులా కుట్టావు."

మీట పీకేద్దామంటే పరుగుల మధ్యలో అది కావాలి. మేస్త్రి బల్ల కిందికి వెల్లకిలా దూరి, నూనె మరకలు పూసుకుని, దాన్ని తీగతో కలిపే ఊచ విప్పి ఎడమ మోకాలి మీటకి తగిలించాడు. శబ్దం పెడల్ మడమ కింద చెక్కముక్క మేకుతో బిగించి, ఇక వెనక్కి నొక్కకుండా చేశాడు. దాంతో పాత అలవాట్లన్నీ తారుమారయ్యాయి. ఎంతో ఇష్టమైన నెమ్మది పాటలు కూడా ఇప్పుడు వాయిస్తే అపశ్రుతులే. ఎడమ మోకాలు కమిలి నల్లబడింది. మిషను దగ్గర కుట్టు ముగించి ఎడమ మోకాలితో గాలిని తోసి, పాదం లేవలేదేమని తిట్టుకున్నాడు. అయినా పట్టు వదల్లేదు. వరస చివర స్వరం కత్తెరతో కోసినట్టు ఆగిన రోజున పిడుగు వచ్చి బావ భుజం మీద ఆ వంగని వేళ్ళ చెయ్యి వేశాడు. మేస్త్రికి పడ్డ శ్రమంతా గిట్టుబాటైనట్టనిపించింది.

కొట్టుకి సెలవురోజున డ్రమ్ములాయన వచ్చాడు. చిన్న డ్రమ్ము ఒకటి స్టాండు మీద పెట్టుకుని, "కానివ్వండి మేస్త్రిగారూ, నేను అందుకుంటాను" అన్నాడు.

మేస్త్రి అందుకున్నాడు. వాన మొదలైంది. కాళ్ళు తన్నాయి, మోకాళ్ళు తోశాయి, వేళ్ళు మీటాయి. మొదటి వరస చివర స్వరం టక్కున తెగింది. డ్రమ్ములాయన కర్ర గాల్లోనే ఉండిపోయింది.

"ఆగండాగండి. ఆ జారుడేదండీ?"

"ఏ జారుడు?" అన్నాడు పిడుగు.

"చివర్లో కూలబడుతుంది చూడు, మూలుగుతున్నట్టు. దాని మీద నేను పెద్ద దెబ్బ పెట్టుకున్నాను. మేమందరం అలాగే సాధన చేశాం."

పిడుగు బావ వంక చూశాడు. బావ తన భార్య వంక చూశాడు.

"రోజూ ఫోను మీద ఫోను చేసి 'ఎంతవరకొచ్చింది, ఎంతవరకొచ్చింది' అని ఆయన. మీరేమో కొట్టుకుంటూ కూర్చున్నారు. ఇంట్లో వాయిస్తుండగా ఫోన్లో పట్టి పంపించాను. ఊరుకుంటాడని పంపాను. తప్పా?" అందావిడ.

"అది తప్పు!" పిడుగు గొంతు లేచింది. "నువ్వు పంపడం కాదక్కా, ఆ జారడం! సీట్లు కుట్టే అలవాటది. నేను కట్టలేదు దాన్ని. అది తియ్యడానికి బావ కాళ్ళు విరగ్గొట్టుకున్నాడు."

"ఎవరు కట్టారో నాకెందుకు తమ్ముడూ," అన్నాడు డ్రమ్ములాయన. "అంత వాన కురిసి కురిసి చివర్లో మనిషి కూలబడిపోతాడు. మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. అదుంటే కచేరీలో మొదటి పాట ఇదే. లేకపోతే, మేస్త్రిగారూ ఏమీ అనుకోకండి, గిటారు లేక దీంతో సరిపెట్టుకున్నట్టుంది."

మేస్త్రి కడ్డీని తీగల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంటే ఇప్పుడు మళ్ళీ కిందికి దూరి ఆ ఊచ ఇటు మార్చాలా? ఆ చెక్కముక్క పీకాలా? రానిది రప్పించమని ఒకడు, పోయింది తెమ్మని ఒకరు. నా మోకాలు మోకాలనుకున్నారా, కొట్టు షట్టరనుకున్నారా?" అన్నాడు. అని, పిడుగు మొహం చూసి గొంతు తగ్గించాడు. "నాదేముందిరా. పాట నీది. ఎలా వాయించమంటే అలా వాయిస్తాను. చెప్పు."

పిడుగు వంగని వేళ్ళని కుడిచేత్తో పట్టుకుని నలుపుతూ నిలబడ్డాడు. డ్రమ్ములాయన కర్రలు రెండూ ఒక చేతిలోకి తీసుకున్నాడు. ఇక లేచేటట్టున్నాడు. అప్పుడు పిడుగు అక్కవైపు తిరిగాడు. ఆవిడ రెక్సిన్ చుట్ట చంకలో పెట్టుకుని, సగం కోతబల్లని మింగేసిన గిటారు అవతల నిలబడి ఉంది.

"నేను వాయించినప్పుడు కూడా విన్నావు కదక్కా. మొట్టమొదట విన్నది నువ్వే. నిజం చెప్పు. అలా జారితే అది నా పాటేనా?"

"కాదు. నీ పాట నీ వేళ్ళతోనే పోయిందిరా. వచ్చింది మీ బావ మోకాల్లోంచి వచ్చింది. వాయిస్తే వాయించండి, లేకపోతే ఆ బల్ల అవతల పెట్టండి, నాకు కోతకి చోటు లేదు."