సార్జెంట్ తొట్టిలో తేమ

మా ఆయన లాక్స్లీ పోతూ పోతూ నాకు అప్పజెప్పింది ఇల్లూ కాదు, పడవా కాదు. ఒక పీతని. అదీ కంటికి కనపడని పీతని.

మేనల్లుడు గాలానికి ఎరగా పట్టుకెళ్తున్న బకెట్లోంచి ఆయనే ఏరి తీసుకున్నాడు దాన్ని. శంఖాన్ని ఇల్లులా మోసుకు తిరిగే రకం, సోల్జర్ పీత. జబ్బుపడి సముద్రం మొహం చూడలేకపోయిన మనిషి దానికి సార్జెంట్ అని పేరు పెట్టి, మంచం పక్కన అద్దాల తొట్టిలో ఇసక పోయించి దించాడు.

"ఎరని ముద్దు చేసేవాణ్ణి జమైకా మొత్తంలో నిన్నే చూశాను" అని దెప్పేదాన్ని.

"నవ్వవే నవ్వు. చెమ్మ లేకపోతే వీడికి ఊపిరాడదు. మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఆ ముల్లు ఎనభై దగ్గర ఉందా లేదా, చూసి చెప్పు" అనేవాడు, తొట్టి లోపల అతికించిన తేమ మీటరు చూపిస్తూ.

మా సెయింట్ ఎలిజబెత్‌లో చెమ్మ నిలబెట్టడమంటే మాటలా? దేశమంతా వానలు పడ్డా మా వైపు నేల నోరు తెరుచుకునే ఉంటుంది. డిసెంబరులో వీచే క్రిస్మస్ గాలి మొదలైతే ఉతికిన దుప్పటి తాడు మీద పడకముందే సగం ఆరిపోతుంది. అందుకే తొట్టికి గాజు మూత, లోపల తడి నాచు, ఒక గిన్నెలో వాననీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పునీళ్లు. కుళాయి నీళ్లు పోస్తే ఇంతెత్తున లేచేవాడు. అందులో మందు కలుపుతారట, సార్జెంట్ మొప్పలు మాడిపోతాయట. నా ఊపిరి గురించి ఏనాడూ అంత బెంగపడలేదు మహానుభావుడు.

ఆయన ఆఖరి రోజుల్లోనే సార్జెంట్ పాత ఒళ్లు విడవడానికి ఇసక అడుక్కి దిగిపోయాడు.

"తవ్వకు. నెలో, రెండు నెలలో, వాడిష్టం" అన్నాడు లాక్స్లీ. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. "నువ్వు చెమ్మ చూసుకో చాలు. బతికుంటే వాసన రాదు. కుళ్లు చేప కంపు వచ్చిందంటే పోయినట్టే."

ఆయన పోయాక నా ప్రాణమంతా ఆ ఇసకలోనే పెట్టుకున్నాను. సార్జెంట్ ఒక్కసారి పైకి వస్తే చాలు. ఆయన మొదలుపెట్టిన పని ఒక్కటైనా బతికి బయటపడుతుంది.

పోయినవాళ్ల కోసం మావాళ్లు చేసే తొమ్మిది రాత్రుల జాగారం మొదలైంది. ఇంటినిండా జనం, రమ్ము, వేపుడు చేపలు, రొట్టె, బల్ల మీద ఫట్ ఫట్‌మని డామినో బిళ్లలు, మధ్యలో కీర్తనలు. నేను సందు దొరికినప్పుడల్లా గదిలో దూరి మూత కొంచెం ఎత్తి నీళ్లు చిలకరించి వచ్చేదాన్ని. ఆఖరి జాగారం ముగిసిన పొద్దున, కుర్చీలో కూలబడ్డదాన్ని కూలబడ్డట్టే నిద్రపోయాను.

లేచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన గదిలోకి వెళ్తే, గది గదిలా లేదు. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి మారింది. పరుపు తిరగేసి ఉంది. కర్టెన్లు కొత్తవి. లాక్స్లీ అక్క ఐసిల్డా చీపురు పట్టుకుని నిలబడి ఉంది. తొట్టి కిటికీ గట్టు మీద, మూత లేకుండా, గాలికీ ఎండకీ.

"వదినా, ఏం చేశావ్!"

"చెయ్యాల్సిందే చేశానే. జాగారాలయ్యాక గది ఉన్నది ఉన్నట్టే ఉంటే వాడు తిరిగొచ్చి మంచం మీద కూర్చోడూ? గుర్తుపట్టకూడదు. మా అమ్మ పోయినప్పుడు పరుపు ఆ కొస పట్టుకుంది నువ్వు కాదా?"

"తొట్టి ఎందుకు కదిపావ్?"

"ఖాళీదేగా! పోయినవాళ్ల గదిలో నిలవ నీళ్లు ఉంచకూడదని పారబోశా. నాచు కూడా తీసేశా."

ముల్లు నలభైకి దిగింది. ఇసక పైన తెల్లగా, పొడిపొడిగా ఉంది.

"ఖాళీది కాదు. అడుగున సార్జెంట్ ఉన్నాడు."

చీపురు జారిపోయింది. "తమ్ముడి పీతా? అది... వాడితోపాటే పోయిందనుకున్నానే" అంటూ నేల మీద చతికిలబడి, పాతిపెట్టిన రోజున కూడా ఏడవనంత ఏడ్చింది.

నాకు జాలి కలగలేదు. "గుర్తుపట్టకూడదా? నాకు ఆయన గుర్తుపట్టి రావాలి వదినా! వచ్చి ఆ మంచం మీదే కూర్చోవాలి! తరిమెయ్యమని నిన్నెవరడిగారు?" అని అరిచాను.

కొత్త నాచు తెచ్చాను. వాననీళ్లు పోసి మూత వేశాను. సాయంత్రానికి ముల్లు మళ్లీ పైకెక్కింది. ముల్లుదేముంది, నీళ్లు పోస్తే ఎక్కుతుంది. కింద ఏమైందో ఎవరు చెప్పాలి? తవ్వి చూద్దామని చెయ్యి పెట్టి, తీసేసేదాన్ని. ఆనాటి నుంచీ ఐసిల్డా రోజూ సాయంత్రం వచ్చి తన చేత్తోనే నీళ్లు చిలకరించేది. నేను వద్దనలేదు, కూర్చోమనీ అనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మూత ఎత్తితే కంపు కొట్టింది. నాచు మార్చాను. గిన్నెలు తోమాను. కంపు నాచుదీ కాదు, గిన్నెలదీ కాదు. మూత వేసేసి, ఏం చెయ్యాలో తెలియక మంచం మీద కూర్చుండిపోయాను. లాక్స్లీని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది. ఈసారి జాగారం చేసేవాళ్లు కూడా లేరు.

సాయంత్రం ఐసిల్డా బ్లాక్ రివర్ మార్కెట్ నుంచి నేరుగా వచ్చింది, చేతులకి పొలుసులతో. పరికిణీలు కట్టే వయసు నుంచీ చేపలమ్మిన మనిషి. ఏ బేసిన్‌లో చేప నిన్నటిదో రోడ్డవతల నుంచే చెప్పేస్తుంది.

మూత తీసి తల లోపలికి వంచింది. నీళ్ల సీసా పట్టుకున్న చెయ్యి ఆగింది. ముక్కుతో గాలి పీల్చింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత నెమ్మదిగా, మూలమూలకీ, రోజూకంటే ఎక్కువగానే చిలకరించింది.

"ముల్లు బాగానే ఉంది" అంది నావైపు తిరక్కుండా. "వస్తాడే, పైకి."

"వస్తాడు వదినా" అన్నాను.

"వాననీళ్లు అయిపోవచ్చాయి. రేపు మా ఇంటి నుంచి తెస్తా."

"తీసుకురా. పొద్దున్నే రా" అన్నాను, పక్కన కూర్చోమని మంచం మీద జరిగి.