అక్క పది నిమిషాలు

తాళాలాయన నోట్లో నీళ్ళు పట్టి, మింగడానికి అనుమతి కోసం అక్క వంక చూశాడు. గుటకకీ గుటకకీ మధ్య ఐదు లెక్కపెట్టాలి. అక్క నాలుగు దగ్గర ఆగి, పాలగిన్నె దించి వచ్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

కోపం తగ్గించుకోకపోతే బీపీతో ప్రమాదమని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. డాక్టరు అన్నది ఆ ఒక్క ముక్కే. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చిన అక్క దానికి ఎక్కడెక్కడి అలవాట్లో తగిలించింది. నీళ్ళు కూర్చుని తాగాలి. పక్క తనే మడవాలి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఆ కాసేపు ఇల్లు కూలినా పలకకూడదు. ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆవిడ కదల్లేదు, ఆయన్ని కదలనివ్వలేదు.

ఇవాళ పొద్దున ఆయన మోకాలు ఊపాడు.

"మోకాలు," అంది అక్క కళ్ళు తెరవకుండానే.

"మాట్లాడకూడదన్నది నువ్వే కదా!"

"నీకోసమే కదరా నా తంటాలు."

"బీపీతో పోతానో లేదో గానీ, నీ అలవాట్లతో పోయేట్టున్నాను. నన్నిలా వదిలెయ్యక్కా!"

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. అన్నం డబ్బా మూత బిగించి చేతికిచ్చింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

బజార్లో ఒక మేడ మెట్ల కింద ఆయన తాళాల దుకాణం. ముప్పై ఏళ్ళుగా అందులో వంగి వంగి ఆయన భుజాలు ముందుకు పడ్డాయి. గోళ్ళలో ఇత్తడి పొడి. ఒకాయన వచ్చి తాళంచెవి చేయమని, ఆకురాయి ఆడినంతసేపూ "ఇంకా ఎంతసేపు?" అంటూ బుర్ర తిన్నాడు. కసురుదామని నోరు తెరిచిన తాళాలాయన, తనకు తెలియకుండానే ఐదు లెక్కపెట్టాడు.

"ఒంట్లో బాలేదాండీ?"

"లెక్కపెడుతున్నా, ఆగండి!"

కొత్త చెవి తాళంలో మొదటిసారికే తిరిగింది. అక్క లెక్క పనిచేయడం మరీ ఒళ్ళు మండించింది. కానీ ఇంటికి వెళ్తూ దారంతా ఒకే మాట మనసులో అనుకుంటూ వచ్చాడు.

తలుపు చేరవేసి ఉంది. అక్క కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. గోడ గడియారంలో ఆరు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఎదురుగా కూర్చున్నాడు. మోకాలు ఊపలేదు. మొదటిసారి గడియారం వంక చూడాలనిపించలేదు. ఊపిరి తేలిగ్గా ఆడింది. ఇవాళ కుదిరిందని అక్కకు చెప్పాలనుకున్నాడు.

పది నిమిషాలయ్యాయి. పొద్దుటి తప్పుకు మరో ఐదు నిమిషాలు కలిపాడు.

"అక్కా, పొద్దున అన్నది మనసులో పెట్టుకోకు."

చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. వీధిలో అందరి మీదా అరిచే మనిషి వెళ్ళి పక్కింటి తలుపు మెల్లగా తట్టాడు.

డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి రెండు గంటలైనా అయి ఉంటుందన్నాడు. పక్కింటివాళ్ళు ఆవిడను మంచం మీదకు చేర్చి కుర్చీ జరిపారు. కుర్చీ వెనక కొత్త అట్టపెట్టె ఉంది. అందులో తమ్ముడి కొలతకు కొన్న నడక బూట్లు, వంగి కట్టుకోవడానికి విసుక్కుంటాడని లేసులు ముందే వదులుగా ముడివేసి ఉన్నాయి.