ఎముకతో విన్న మోత

తొట్లెలో పిల్ల మొహం కందిపోయేలా ఏడుస్తోంది. పక్కనే కూచున్న నారాయణమ్మ బియ్యం ఏరుకుంటోంది. ఆమె తల్లి బాలనాగమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి బిడ్డనెత్తుకుని, "యా లోకంలో ఉండావే?" అంది. ఆ మాటను తల్లి పెదవులు చూసి ఊహించుకుంది నారాయణమ్మ.

ఇది 1961లో, రెండో కాన్పయిన మూడో నెలలో. హిందూపురంలోని ఒక ఆడపిల్లల బళ్లో ఆమె సైన్సు టీచరు. సెలవు ముగిసి బడికి వెళ్లిన రోజు సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, శ్రుతిదండాన్ని మోగించి చూసుకుంది. రెండు కొమ్ముల ఆ ఉక్కు కడ్డీని చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. కాడను చెవి వెనక ఎముకకు ఆనిస్తే తలంతా మోగింది. లోపలి నరం బాగానే ఉంది. గాలిలో శబ్దం వచ్చే దారి మూసుకుపోతోంది. మొదటి కాన్పు తర్వాత కూడా వినికిడి కొంచెం తగ్గింది. మూడోదంటే?

ధర్మవరం రైల్వేలో గుమాస్తాగా ఉన్న భర్త హనుమంతప్ప శనివారం వచ్చాడు. అంతా విని, "యాడా నోరు జారొద్దు. ఉద్యోగం పోతాది," అన్నాడు. తొట్లె వైపు చూసి, "ఇద్దరూ ఆడపిల్లలైరి. మగపిల్లోడు కావాలనకుండా మా అమ్మ ఊరికే ఉంటాదా?" అన్నాడు.

ఆమె పిల్ల గుడ్డలు మడతపెట్టసాగింది. వినపడలేదనుకుని ఊరుకున్నాడతను.

ఏడాదిన్నర దాచింది. పాఠంలో పిల్లలకు వీపు తిప్పేది కాదు. ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసిమ్మనేది. తోటి టీచర్లు నవ్వితే తనూ నవ్వేది. ఇంటికొచ్చేసరికి మొహం నొప్పి పుట్టేది. ఇన్‌స్పెక్షన్ వచ్చిన నాటికి ఆమె మళ్లీ గర్భవతి, మూడో నెల.

ఆరోజు పాఠం విస్పందనాలు. ఒకే రకం శ్రుతిదండాలు రెండు తీసుకుని, ఒకదాని కొమ్ముకు మైనం అంటించి కలిపి మోగిస్తే, మోత పెరుగుతూ తగ్గుతూ వస్తుంది. పిల్లలు లెక్కపెట్టారు. వెనక బెంచీ నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ ఏదో అడిగింది. నారాయణమ్మ కదల్లేదు. క్లాసంతా తనవైపే చూడడంతో తలెత్తింది.

"మీరే లెక్కపెట్టి చెప్పండి టీచర్," అని మళ్లీ అందావిడ.

నారాయణమ్మ ఇద్దరు పిల్లలను పిలిచి, మోగుతున్న రెండు దండాలనూ తీగల శ్రుతి కొలిచే సోనామీటరు డొల్లపెట్టె మీద నిలబెట్టమంది. తను మోకాళ్ల మీద కూచుని ఆ చెక్క అంచును పళ్లతో కరిచిపట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు తెలియలేదు. స్టాప్‌వాచీ చూస్తూ లెక్కపెట్టి లేచింది.

"పది సెకండ్లకు ముప్పై."

పిల్లల లెక్కా అదే.

తర్వాత వరండాలో ఇన్‌స్పెక్ట్రెస్ నెమ్మదిగా, పెదవులు కనపడేలా మాట్లాడింది. "పాఠం బాగా చెప్పారు. కానీ మీ వినికిడి సంగతి నేను రాయకుండా ఉండలేను."

"రాయండి. దాచి దాచి సాలైంది," అంది నారాయణమ్మ.

జూన్‌లో ఆర్డరు వచ్చింది. ఉద్యోగం ఉంది, సైన్సు లేదు. కుట్టుపని నేర్పాలి. "పోనీలే, ఉద్యోగమన్నా మిగిల్నాది," అన్నాడు హనుమంతప్ప. మూడోసారీ ఆడపిల్లే పుట్టింది. ఆ తర్వాత ఎముకకు ఆనిస్తే తప్ప ఏ మోతా ఆమెను చేరలేదు.

ఒక మధ్యాహ్నం కుట్టుగది కిటికీలోంచి చూస్తే, ఎదురు గదిలో కొత్త సైన్సు టీచరు శ్రుతిదండాన్ని బల్ల అంచుకేసి బాదుతోంది. నారాయణమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, వరండా దాటి లోపలికి పోయింది.

"అట్ల కొట్టొద్దమ్మా. కొమ్ము వంగితే శ్రుతి పోతాది," అని దండాన్ని తీసుకుని తన మోకాలికేసి కొట్టి మోగించి, ముందు బెంచీలోని పిల్ల చెవి వెనక ఆనించింది.

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. కొత్త టీచరు ఏదో అంది. నారాయణమ్మ అటు చూడలేదు.