మట్టి పెళ్లలు

ప్రమాదం జరిగిన చోటు చుట్టూ గీస్తున్న సున్నం గీత సగంలో ఉండగా నల్లప్ప నడుము పట్టేసింది. ఇరవై ఆరేళ్లుగా హోంగార్డు. పుంగనూరు–మదనపల్లె రోడ్డు మీద ఏ బండి గుద్దుకున్నా ఎస్సై వచ్చేదాకా ఆనవాళ్లు కాయడమే ఆయన కొలువు. టైరు జాడ చూసి డ్రైవరు పొద్దున ఏం తిన్నాడో చెప్తానంటాడు. ఒకసారి రాగిసంగటి అన్నాడు. తీరా డ్రైవరు పంజాబువాడు. "మన హోటల్లో ఆగినాడు గదప్పా, తినకేం సేస్తాడు?" అని దబాయించాడు.

ఈ పొద్దు ఎదురుగా వచ్చిన లారీ ఒక మోపెడ్‌ను గుద్దింది. నడిపిన వెంకటరమణను మదనపల్లె ఆస్పత్రికి తీసుకెళ్లారు. అతనే అడ్డమొచ్చాడని లారీ డ్రైవరు మాట. కానీ గుద్దిన అదురుకు లారీ అడుగు నుంచి రాలిన మట్టి పెళ్లలు వెంకటరమణ వెళ్లే ఎడమవైపునే ఉన్నాయి, నెత్తుటి పక్కన. అవి చెదిరితే తప్పు అతనిదే అవుతుంది.

వెంకటరమణ భార్య చెంగమ్మ బిందెడు పసుపునీళ్లతో వచ్చింది.

"తప్పుకోన్నా. నెత్తురు జనం తొక్కితే ఆయప్ప పానం నిలవదంట. కడగాల."

"కడిగితే మన్ను పోతాదమ్మా. బందోబస్తుకు పోయిన ఎస్సై కుప్పం నుంచి వస్తాండాడు. మీ ఆయప్ప తరఫున సాక్ష్యం ఇదొగటే."

"నాకు మనిషి గావాల, సాక్ష్యం యాల?"

నల్లప్ప సున్నం డబ్బా కింద పెట్టాడు. "ఎవురూ తొక్కకుండా నేనుండాను గదమ్మా," అని చేతులు చాచి నిలబడ్డాడు. ఆమె బిందె దించి పక్కన కూర్చుంది.

బస్సు కండక్టరు తల బయటపెట్టాడు. "ఏం నల్లప్పా, వడ్లారబోసినావా?"

"అవునప్పా. కోళ్లొస్తాండాయి, పో!"

మూడు గంటలు ఎండలో అట్లాగే కాశాడు. ఎస్సై వచ్చి ఫోటోలు తీయించాడు. కొలతల టేపు ఒక కొస నల్లప్ప పట్టుకున్నాడు. మోపెడ్ తన ఎడమవైపునే ఉందని పంచనామాలో రాశారు. మట్టి కవర్లోకి ఎత్తి సీలేశారు.

"ఇంక కడుక్కోమ్మా," అని నల్లప్ప అనేలోపు చెంగమ్మ ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి మరిది. విన్నది. ఏడవలేదు.

"పోయినాడంట," అంది. "ఎవుర్నీ తొక్కనీలేదు గదన్నా?"

"లేదమ్మా."

టేపు పట్టుకుని తాను ఎక్కడ నిలబడ్డాడో నల్లప్ప అప్పుడే చూసుకున్నాడు. నెత్తుటి మీంచి బూటు తీయలేదు. ఆమె ఆటో ఎక్కి మలుపు తిరిగేదాకా కదల్లేదు.

రోడ్డు వారన బిందె నిండుగానే ఉంది. పసుపు అడుక్కు దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి.