బదులు ఎక్కినవాడు

ముందు చక్రాల కీచు వినిపించింది. ఆ తర్వాతే కాగితాల బండి తోసుకుంటూ వైమానిక దళం రికార్డుల గుమస్తా కనిపించాడు. యుద్ధంలో కూలిన విమానం ఎక్కినవాళ్ల జాబితాలో తమ్ముడి పేరు లేదు గనుక, మా అమ్మమ్మ "వాడొచ్చాకే ముద్దుపేరుతో నోరారా పిలుస్తాను" అంటూ అరవై ఏళ్లుగా ఎదురుచూస్తోంది. ఆ విమానం కాగితాలు వెతకడానికే నేనొచ్చాను.

"జాబితా ముందే టైపు చేస్తారమ్మా. ఆఖరి నిమిషంలో ఎక్కినవాళ్లు ఈ చీటీల్లో ఉంటారు," అన్నాడు గుమస్తా.

ఒకదానిమీద, ఎగిరేముందు, ఆ విమానం పైలట్ పెన్సిల్‌తో రాసిచ్చాడు: "మెకానిక్‌కు జ్వరం. బదులు బుడంకాయ వస్తున్నాడు."

"మనిషా, కూరగాయా?" గుమస్తా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అమ్మమ్మ దాచిన ఉత్తరాలన్నిటి చివరా అదే సంతకం. ఆ ముద్దుపేరు పెట్టింది ఆవిడే.

సాయంత్రం చీటీ నకలు చదివి వినిపించాను. అమ్మమ్మ కాగితాన్ని చాలాసేపు నిమిరింది.

"ఎవరికి జ్వరమొచ్చినా మందు వీడే మింగేవాడు," అంది.

తర్వాత, ఆ కాగితంవైపే చూస్తూ, నోరారా పిలిచింది:

"ఒరేయ్ బుడంకాయా!"